ఒక్కరికే చోటున్న పడవ

తొమ్మిదేళ్ల తర్వాత తల్లిని చూసే ఘడియ ఎలా ఉంటుందో ఖువే ఎన్నోసార్లు ఊహించుకుంది. పరిగెత్తాలి, మీద పడి ఏడవాలి. తీరా నార్వేలోని బెర్గెన్ విమానాశ్రయంలో అద్దాల తలుపులు పక్కకి జరిగి అమ్మా, చెల్లెలు మియెన్ బయటికొచ్చినప్పుడు ఆమె కళ్లు నేరుగా వెళ్లి తల్లి చేతి మీద పడ్డాయి. ఆ చెయ్యి మియెన్ మోచేతిని గట్టిగా పట్టుకుని ఉంది. ఖువేని కావలించుకోవడానికి కూడా అమ్మ ఒక చెయ్యే తీసింది.

"చిక్కిపోయావే" అంది అమ్మ. ఆ తర్వాత వెంటనే వెనక్కి తిరిగి, "మియెన్, గుండీ పెట్టుకోవే, గాలి చూడు ఎట్లా కొడుతోందో" అంటూ చిన్నకూతురి కోటు మెడదాకా బిగించింది.

ఆ రెండు కోట్లూ ఖువే కొని పంపినవే. తను మాత్రం గుండీలు పెట్టుకోకుండానే వచ్చింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఇంటికి వెళ్లే దారిలో ఆమె భర్త లువాన్ కారు నడుపుతూ అత్తగారితో ఏవేవో మాట్లాడుతున్నాడు. అతను ఊళ్లో సిటీబస్సు నడుపుతాడు. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే మనిషి. ఐదేళ్ల కూతురు యెన్ అప్పటికే పిన్ని ఒళ్లో కూర్చుని ఆమె చెవిపోగు లాగుతోంది. ఖువే ముందు సీట్లో కూర్చుని వానని తుడుస్తున్న వైపర్‌నే చూస్తూ, 'మొదటిరోజు కదా, అలవాటు పడతారు' అని తనకి తాను చెప్పుకుంది.

అమ్మ కోసం ఆమె కిటికీ ఉన్న గది ఖాళీ చేసి ఉంచింది. కొత్త మంచం, దళసరి దుప్పటి, గోడమీద నాన్న ఫొటో, దాని ముందు అగరొత్తులు. మియెన్‌కి హాల్లో సోఫా. మొదటి రాత్రి గడిచి తెల్లారేసరికి ఆ ఒక్కరికి సరిపోయే మంచం మీద ఇద్దరూ ఒకరి కాళ్ల మీద ఒకరు కాళ్లేసుకుని నిద్రపోతున్నారు. ఖువే టీకప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"సోఫా మెత్తగానే ఉందిగా?" అంది ఆ పొద్దున, మామూలుగా అడిగినట్టు.

"నేను పక్కన లేకపోతే అమ్మకి నిద్రపట్టదక్కా. నాన్న పోయాక అలవాటైపోయింది" అంది మియెన్.

నాన్న పోయిన సంగతి ఖువేకి ఈ దేశానికొచ్చిన రెండో ఏడు తెలిసింది. ఆయన వియత్నాంలో పాత ప్రభుత్వం సైన్యంలో చిన్న ఉద్యోగి. యుద్ధం అయిపోయాక కొత్త ప్రభుత్వం పదిరోజుల పాఠాలని చెప్పి తీసుకెళ్లింది. ఏళ్లు గడిచినా ఆయన తిరిగి రాలేదు. సొంత ఊరు మీథోలో వాళ్ల నూడుల్స్ కొట్టు మూతపడింది. ఖువేకి మార్కులున్నా కాలేజీలో సీటివ్వలేదు, సైనికుడి కూతురని. ఊరు వదిలి అడవి కొట్టుకుని బతకమని వీధి కమిటీ వాళ్లు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లారు. మూడోసారి చెప్పరు, లారీ ఎక్కిస్తారు. అదిగో అప్పుడే అమ్మకి వరసకి అన్నయ్యే ఒకాయన పడవ కడుతున్నాడని తెలిసింది. అమ్మ పెళ్లినాటి గొలుసు ఇచ్చింది. ఆయన ఒక్కరికే చోటుందన్నాడు. అమ్మ ఖువేని పంపింది.

పద్దెనిమిదేళ్ల పిల్ల ఏ దేశమో ఎంచుకుని బయల్దేరలేదు. నడిసముద్రంలో ఆగిపోయిన ఆ పడవలోవాళ్లని ఎక్కించుకుంది నార్వే ఓడ. అదే ఇంకో జెండా ఉన్న ఓడైతే ఇంకో దేశంలో ఉండేది. అంతే. ఇక్కడికొచ్చి చేపల ఫ్యాక్టరీలో చేసింది, తర్వాత ఆసుపత్రి లాండ్రీలో చేరింది, ఈ భాష నేర్చుకుంది, పెళ్లి చేసుకుంది. ఆ తొమ్మిదేళ్లలో మందులు, సబ్బులు, గుడ్డలు పెట్టెలకెత్తి ఇంటికి పంపని పండగ లేదు. వాళ్లని రప్పించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగింది. తీరా రప్పించాక, సొంత ఇంట్లో తనే చుట్టమైపోయింది.

వంటింట్లో అది ఇంకా బాగా తెలిసింది. ఒక శనివారం ఖువే పంది ఎముకలు, ఎండు స్క్విడ్ వేసి పొద్దుటినుంచి మరిగించి తమ ఊరి నూడుల్స్ పులుసు, హూ తియూ చేసింది. అమ్మ ఒక చెంచా పులుసు నోట్లో పోసుకుని, "బాగానే ఉందే" అంది. ఆ 'బాగానే' ఎలాంటిదో ఖువేకి తెలుసు. చుట్టాలింట్లో అనే 'బాగానే' అది.

మరుసటివారం మియెన్ చేసింది. అవే ఎముకలు, అదే కుండ. అమ్మ గిన్నె ఎత్తి అడుగుదాకా తాగేసింది. లువాన్ రెండోసారి పెట్టించుకున్నాడు.

"పెళ్లామా మరదలా అని చూడను, నిజం నిజమే. ఇది మాత్రం అదిరింది" అన్నాడు.

"మరదలే" అంది ఖువే. "తిను, తిను. ఎప్పుడూ తిండి చూడనట్టు."

యెన్ గిన్నెలోంచి తలెత్తి, "అమ్మా, నువ్వు చేస్తే ఇలా ఎందుకు రాదు?" అంది. నవ్వనిది ఖువే ఒక్కతే.

నవ్వుల సంగతీ అంతే. వాళ్లిద్దరికీ సగం మాటలు చాలు. అమ్మ కూర తరుగుతూ, "తాన్ గారి బాతు" అనేది, అంతే. మియెన్ పొట్ట పట్టుకుని నేలమీద కూలబడేది. అమ్మ కళ్లు తుడుచుకునేది.

"ఏంటది? నాకూ చెప్పండి" అంది ఖువే ఒకసారి.

"అబ్బే, ఏం లేదే. అప్పుడక్కడ ఉంటేనే అది. చెప్తే నవ్వు రాదు" అంది అమ్మ.

లాండ్రీలో తెల్లదుప్పట్లు మడతపెడుతూ రోజంతా ఆ బాతు గురించే ఆలోచించింది. తను లేని తొమ్మిదేళ్లలో వాళ్లకి ఎన్ని బాతులున్నాయో. మియెన్ అమ్మ తెల్లవెంట్రుకలు పీకడం, అమ్మ మియెన్ పళ్లెంలో చేపతల పెట్టడం, ఇద్దరూ కలిసి ఫొటోలోని నాన్నతో మాట్లాడటం, అన్నీ గుమ్మంలోంచి చూసేది. చెల్లెలి మీద కోపం రావడానికి కారణం ఒక్కటి దొరకదు. పొద్దున్నే లేస్తుంది, ఇల్లు తుడుస్తుంది, "అక్కా, నువ్వు కూర్చో" అంటుంది. అదే ఇంకా మంట. ఒళ్లు బద్ధకమో నోటి దురుసో ఉన్నా తిట్టడానికి వీలుండేది.

టెట్ అనే తమ కొత్త సంవత్సరం పండగకి ఊళ్లోని వియత్నాం వాళ్లంతా ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని కలిశారు. అక్కడే లువాన్ స్నేహితుడు బాంగ్ కనబడ్డాడు. ఇద్దరూ ఈ దేశానికొచ్చిన కొత్తలో ఒకే శిబిరంలో ఉన్నారు. బాంగ్ ఉత్తరాన ట్రోమ్సోలో చేపల ఫ్యాక్టరీ మెకానిక్. నలభైకి దగ్గర పడ్డాడు, పెళ్లి కాలేదు. సన్నటి మనిషి, మాట తక్కువ. మా ఊళ్లో రెండు నెలలు సూర్యుడే రాడు, కిటికీలో మిరపమొక్కలకి దీపం పెట్టి పెంచుతున్నా అని సిగ్గుపడుతూ చెప్పాడు.

'రెండు నెలలు సూర్యుడే రాడు' అన్న ముక్క దగ్గర ఖువే మనసు ఆగింది. ట్రోమ్సో అంటే విమానం ఎక్కి వెళ్లాల్సినంత దూరం.

"మా మియెన్ మిరపకాయ లేందే ముద్ద ఎత్తదు" అంది. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే ఆమెకే ఆశ్చర్యమేసింది. చెల్లెల్ని పిలిచి కూర్చోబెట్టింది. బాంగ్ పళ్లెంలో తనే పిండివంటలు వడ్డించింది. ఇంటికి వెళ్లేలోపు అతని ఫోన్ నెంబరు తీసుకుంది.

"బంగారంలాంటి మనిషి" అంది కారెక్కాక.

లువాన్ ఇంటికొచ్చి పిల్లని పడుకోబెట్టాక మెల్లిగా అడిగాడు.

"ఇది మీ చెల్లెలి మంచికేనా?"

"కాక? పాతికేళ్లు వస్తున్నాయి దానికి."

"ఊళ్లో పెళ్లికాని వాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. నా బస్సు డిపోలోనే ఒకడున్నాడు. వాళ్లెవరూ కనబడలేదా నీకు?"

"నీకు దాని హూ తియూ దొరకదని బెంగ అనుకుంటా."

లువాన్ ఆమె మొహంలోకి చూసి లైటు తీసేశాడు.

మియెన్ ఒప్పుకోదని, అమ్మని వదిలి వెళ్లనంటుందని ఖువే అనుకుంది. బతిమాలడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది. బాంగ్ నాలుగైదు వారాలు ఆదివారం ఆదివారం ఫోన్ చేశాడు, ఒకసారి వచ్చి వెళ్లాడు. అతను వెళ్లిన మర్నాడే మియెన్ గిన్నెలు కడుగుతూ, "నాకు ఇష్టమే అక్కా" అంది.

అమ్మ మాత్రం అగ్గిమీద గుగ్గిలమైంది. ఖువే లాండ్రీ నుంచి వచ్చేసరికి బల్లమీద కొత్తిమీర కట్టలు పరుచుకుని కూర్చుని ఉంది. ఆకు దూయడం లేదు, కాడలు విరుస్తోంది.

"ఎంత పని చేశావే! సూర్యుడు రాని ఊరికి పంపుతావా దాన్ని? తోడబుట్టిందేనా నువ్వు?"

"నీ ముద్దులకూతురే ఒప్పుకుంది. నేనేం మెడలు వంచలేదు."

"ఒప్పుకోదా మరి? రోజూ నువ్వు మొహం గంటుపెట్టుకుంటుంటే ఈ ఇంట్లో ఎవరుంటారు? నాకు కళ్లు లేవనుకున్నావా?"

ఖువే సంచీ కింద పెట్టింది.

"దాన్ని విమానం ఎక్కించి పంపిస్తుంటేనే ఇంత బాధా నీకు? నన్ను పడవెక్కించావు. నావైపు తిరిగి చూడలేదు కూడా. నన్నే ఎందుకు పంపావమ్మా? ఇద్దరం ఉన్నాం కదా!"

అమ్మ కాడలు విరవడం ఆపింది.

"ఎవరో ఒకరిని పంపాలిగా."

"నన్నే ఎందుకు?"

అమ్మ విరిచిన కాడలన్నీ ఒక పక్కకి తోసింది. ఆ తర్వాత, బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది. "నిజం చెప్పమంటావా? ఆ రాత్రంతా ఆలోచించాను. మియెన్ పోతే మర్నాడు పొద్దున నేను లేచి పొయ్యి వెలిగించలేననిపించింది. నువ్వు పోయినా వెలిగించగలననిపించింది. అందుకే నువ్వు."

ఖువేకి ఇన్నేళ్లూ ఉన్న అనుమానమే అది. అనుమానంగా ఉన్నంతకాలం, కాదేమో అనుకోవడానికి కొంచెం చోటుండేది. ఇప్పుడది నోటిమాటగా వచ్చేసింది. ఆమె కోటు విప్పకుండానే మళ్లీ మెట్లు దిగి, వానలో రేవు దాకా నడిచి, చేపల అంగళ్ల ముందు ఊరికే అటూ ఇటూ తిరిగింది. గొడుగు లేదు.

మియెన్ వెతుక్కుంటూ వచ్చింది. ఇద్దరూ ఒక అంగడి టార్పాలిన్ పందిరి కిందికి చేరారు.

"అమ్మ చెప్పింది" అంది మియెన్.

"సంతోషమేగా నీకు. సముద్రంలోకి విసిరేసిన దాన్ని నేను, ఒళ్లో దాచుకున్నది నిన్ను."

"ఒళ్లో దాచుకుందా?" మియెన్ నవ్వింది, అందులో నవ్వు లేదు. "అక్కా, నాకు పదిహేనేళ్లు అప్పుడు. నువ్వు వెళ్లిపోయాక నేనేమనుకున్నానో తెలుసా? ఒక్క చోటుంటే అమ్మ నీకిచ్చింది, బతకాల్సింది నువ్వనుకుంది, నన్ను ఆ కమిటీవాళ్లకి వదిలేసింది అని. తొమ్మిదేళ్లు నీ ఫొటో ముందు కూర్చుని తిన్నాను. 'మీ అక్కైతే ఈపాటికి చేసేసేది. మీ అక్కైతే ఏడ్చేది కాదు.' పొద్దున్న లేస్తే నువ్వే. నీ పెట్టె వచ్చిన రోజు అమ్మ ఆ సబ్బులు వాసన చూస్తూ ఏడ్చేది, ఒక్కటి నన్ను వాడుకోనిచ్చేది కాదు. నువ్వంటే ఒళ్లు మండేది నాకు."

ఖువే తడిసిన చేతులు కోటు జేబుల్లోకి దూర్చుకుంది.

"ఇంకోటి. తాన్ గారి బాతు ఏంటని అడిగావుగా? రెండురోజులు అన్నం లేదు మాకు. ఎదురింటి తాన్ గారి బాతు మా గుమ్మంలోకొచ్చింది. అమ్మ తలుపేసి కత్తి పట్టుకుంది. బాతు మంచం కింద దూరింది. అమ్మ దూరింది. బాతు ఒక పక్కనుంచి బయటికొస్తే అమ్మ తల మంచంపట్టెలో ఇరుక్కుపోయింది. నేను లాగుతున్నాను, బాతు అరుస్తోంది. ఆఖరికి తాన్ గారే వచ్చి అమ్మని బయటికి లాగి, బాతుని పట్టుకుపోయాడు. ఆ సాయంత్రం ఆకలికి ఏడ్చామో నవ్వామో మాకే తెలీదు. ఇప్పుడు చెప్పు, కావాలా నీకు ఆ బాతు?"

కావాలనే అనిపించింది ఖువేకి. ఆ మాట బయటికి అనడానికి సిగ్గేసింది.

"మరి అమ్మని వదిలి ఎలా వెళ్తావు?" అంది.

"ఎలా ఏంటి, హాయిగా వెళ్తాను." మియెన్ జుట్టులోని నీళ్లు పిండుకుంది. "ఒక రాత్రి నా కాళ్లు నేను చాపుకుని పడుకోవాలి అక్కా. నువ్వు నన్ను తరిమేద్దామనుకున్నావని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఆయన మంచివాడు. నీ పుణ్యమా అని నాకు తలుపు తెరుచుకుంది."

మే నెలలో పెళ్లయింది. అమ్మ పెట్టె సర్దుకుంది, చిన్నకూతురితో వెళ్లిపోవడానికి. మియెన్ ఆ పెట్టె తెరిచి, బట్టలన్నీ తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. "ఇప్పుడొద్దమ్మా. నాకు ఇల్లంటూ ఏర్పడ్డాక పిలుస్తాను. ఇన్నాళ్లూ నేనున్నాను, ఇంక అక్క దగ్గరుండు" అంది. అమ్మ మంచం అంచున కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, చెప్పు దెబ్బ తిన్నదానిలా చూసింది.

అలా ఖువే కోరుకున్నది ఖువేకి దక్కింది. అమ్మ ఆమె ఇంట్లో, ఆమె ఒక్కదాని దగ్గర. అమ్మ తినడం తగ్గించింది, ఫోన్ పక్కన కుర్చీ వేసుకుంది. ఖువే తెల్లవెంట్రుకలు పీకుతానంటే, "నీ చెయ్యి బరువే" అంది. లువాన్ మాత్రం ఎగతాళి చెయ్యలేదు, రోజూ తన బస్సులో అత్తగారిని ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఆవకూర ఊరబెడుతున్నారు. ఖువే ఆకులు కడుగుతోంది, అమ్మ ఉప్పు రాస్తోంది. బయట వాన. అమ్మ తలెత్తకుండా, "పడవలో తాగడానికి నీళ్లున్నాయా?" అంది.

వచ్చి ఏడాదైనా పడవ గురించి అమ్మ ఒక్క మాట అడగలేదు. ఖువే కొళాయి కట్టేసింది.

"మొదట్లో ఉండేవి. తర్వాత వాన పడితే వానకోట్లలో పట్టి తాగాం."

"ఉత్త వానేనా? తిండి?"

"కుండెడు చక్కెర ఉండేది ఎవరిదో. వేలితో తీసుకుని నాకేవాళ్లం." ఆమె చెబుతూ పోయింది. ఇంజన్ ఆగిపోవడం, నూనెకంపు, చూసి కూడా ఆగకుండా వెళ్లిపోయిన రెండు ఓడలు, పక్కన కూర్చున్న ముసలాయన ఒక పొద్దున లేవకపోవడం. అమ్మ ఉప్పు రాయడం ఆపలేదు, కాని రాసిన ఆకుకే మళ్లీ రాస్తోంది.

"మూడో ఓడ ఆగింది. తాళ్లనిచ్చెన వేశారు. నాకు ఎక్కే ఓపిక లేదు. ఎర్రగడ్డంవాడొకడు దిగొచ్చి నన్ను బియ్యంబస్తాలా వీపుమీద వేసుకుని ఎక్కాడు. సగం దారిలో వాడి మెడమీదే కక్కాను."

"అయ్యో! తిట్టాడా?"

"నవ్వాడు. 'సో, సో' అంటూ వీపు తట్టాడు. తిట్టేమో అనుకున్నాను. ఏడిచే పసిపిల్లల్ని ఊరుకోబెట్టేటప్పుడు అంటారని యెన్ పుట్టాక తెలిసింది."

అమ్మ ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి, అది నవ్వో ఏడుపో ఖువేకి తెలియలేదు. కొంతసేపటికి ఉప్పుచేత్తోనే కూతురి మణికట్టు పట్టుకుంది.

"మర్నాడు పొయ్యి వెలిగించగలననుకున్నానని చెప్పాను కదే. వెలిగించలేదు. మియెన్ వెలిగించింది. నేను వారం లేవలేదు."

"ఆ రోజు అడిగినప్పుడు ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"కోపంలో ఉన్నానుగా. నువ్వు దాన్ని పంపించేస్తున్నావు."

ఖువేకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంత చిన్న మాట కోసం ఇన్ని నెలలు కాల్చుకుతిన్నదా ఈ ముసలిది అనుకుంది. మణికట్టు మాత్రం వెనక్కి తీసుకోలేదు. అమ్మ గోళ్లు గీరుకున్నచోట ఉప్పు మండుతోంది.

తర్వాతి వేసవికి మియెన్‌కి నెలలు నిండాయి. పురుడుకి అమ్మని పంపమని బాంగ్ ఫోన్ చేశాడు. విమానాశ్రయంలో పెట్టె తూకం వేయిస్తుంటే అమ్మ, "రెండు నెలలే. పిల్ల మెడ నిలబడగానే వచ్చేస్తాను" అంది. ఖువే ఆమె కోటు మెడదాకా బిగించి, ఆవకూర సీసాలు పగలకుండా బట్టల మధ్య పెట్టావా అని మళ్లీ అడిగి, లోపలికి వెళ్లేదాకా నిలబడింది. అమ్మ నడక హుషారుగా ఉంది. చిన్నకూతురి దగ్గరికి వెళ్లే నడక అది.

కారెక్కాక లువాన్ ఆమెవైపు చూశాడు.

"ఏంటి, మళ్లీనా?"

"మళ్లీనే. ఎంత త్వరగా వెళ్లిపోయిందో చూశావా? ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు."

"తిరిగింది. నువ్వు ముక్కు చీదుకుంటున్నప్పుడు."

"అబద్ధం."

"నీ ఇష్టం" అని అతను బండి తీశాడు. కారు సొరంగం దాటింది. ఆ తర్వాత ఖువే, ఇంటికి వెళ్లగానే ట్రోమ్సోకి ఫోన్ చేయాలని, అమ్మ దిగేసరికి మియెన్‌ని కాదు బాంగ్‌ని పంపమని చెప్పాలని, నిండు నెలల మనిషి అంతదూరం రాకూడదని అంది. లువాన్ ఆమెవైపు చూడకుండానే నవ్వాడు. ఆమె కూడా కిటికీవైపు తిరిగి, కొంచెం నవ్వింది.